రెండు సెంటు సీసాలు, 80 వేల తగ్గింపు

ప్రశ్న: నమస్తే అండీ. నేను తణుకు దగ్గర ఓ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇన్నాళ్లూ బైకు మీదే నెట్టుకొచ్చాం. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, మా అమ్మని నెలకోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, అందుకని సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకున్నాం. విజయవాడలో మా తోడల్లుడికి తెలిసినవాళ్ల దగ్గర 2018 మోడల్ పెట్రోల్ కారు ఉంది. ఒకే ఓనరు, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. బయట ఇలాంటి బండికి నాలుగున్నర లక్షలు చెబుతుంటే వీళ్లు 3 లక్షల 70 వేలకే ఇస్తామంటున్నారు. వాళ్ల ఇల్లు 2024 వరదల్లో మునిగిన సింగ్ నగర్ వైపు. వరదల మాట అడిగితే, అప్పుడు బండి హైదరాబాద్‌లో వాళ్లబ్బాయి దగ్గర ఉందన్నారు. కొత్త బండిలా మెరుస్తోంది. మా ఆవిడ మాత్రం డ్యాష్‌బోర్డు మీద రెండు సెంటు సీసాలున్నాయి, ఆ వాసనకి తలనొప్పి వచ్చిందని దారంతా గొణిగింది. 20 వేలు అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఏమేం చూసుకోవాలి? ఇంకో మాట. ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు మార్చడం లాంటివి యూట్యూబ్ చూసి ఇంట్లోనే చేసేసుకుందాం, షెడ్డుకి డబ్బు తగలేయడం ఎందుకని మా బావమరిది అంటున్నాడు. చేసుకోవచ్చా?
— ఓ పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరం చదువుతూ నేను ఆగింది ధర దగ్గర కాదు, మీ ఆవిడ తలనొప్పి దగ్గర. ఇల్లు సింగ్ నగర్ వైపు. ధర 80 వేలు తక్కువ. లోపల తలనొప్పి వచ్చేంత సెంటు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా తప్పు కాదు. కారులో సెంటు చాలామంది పెట్టుకుంటారు, డబ్బు అవసరం పడి తక్కువకి ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. మూడూ ఒకే బండిలో కనబడ్డాయి కాబట్టి, నీళ్లలో మునగలేదని మీకు రుజువు దొరికేదాకా అది మునిగిన బండే అనుకుని చూడండి. అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. వేరేవాళ్లు పట్టుకుపోతే పోనివ్వండి, సెకండ్ హ్యాండ్ కార్లకి కరువేం లేదు.

మునిగిన బండి గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, రాజమండ్రిలో పాతికేళ్లు షెడ్డు నడిపిన నాకు అన్నిటికంటే ఎక్కువ విసుగు తెప్పించినవి అవే. గుద్దిన బండి తన రోగం చూసిన రోజే చెప్పేస్తుంది. తలుపు సరిగ్గా పడదు, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. మునిగిన బండి అలా కాదు. కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, పాలిష్ కొడితే ఆరు నెలలు బుద్ధిగా తిరుగుతుంది. ఈలోగా వైర్ల చివర్ల కనెక్టర్లలో పచ్చటి తుప్పు నెమ్మదిగా పెరుగుతుంటుంది. ఒకాయన కొన్న మూడు నెలలకి నా దగ్గరికి తెచ్చిన కారులో ఎడమ ఇండికేటర్ వేస్తే వైపర్ కదిలేది. రెండు రోజులు వైరింగ్ అంతా వెతికి, చివరికి డ్రైవర్ సీటు విప్పి కార్పెట్ లేపాం. కింద ఎండిపోయిన ఒండ్రు, పౌడరు చల్లినట్టు. సీటు పట్టా సందులో గోరంత నత్తగుల్ల ఒకటి. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో సంగతి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ని నడిపించే కంట్రోల్ యూనిట్ గేరు రాడ్డు దగ్గర, నేలకి ఆనుకునే ఉంటుంది. నీళ్లు కార్పెట్ దాకా వచ్చాయంటే అదీ తడిసినట్టే. అవసరమైనప్పుడు అది పనిచేస్తుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే మునిగినట్టు తేలితే ఇంకో లక్ష తగ్గిస్తామన్నా వద్దంటాను. అమ్మగారిని ఎక్కించుకునే బండి అది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట లాంటి చోట్ల నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లో, 2015 డిసెంబర్‌లో చెన్నైలో కూడా కార్లు అలాగే మునిగాయి. అవన్నీ తుక్కుకి పోలేదు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీ కాగితంలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద లెక్కగట్టేస్తారు. బండి వేలానికి పోతుంది, ఎవరో కొని బాగుచేసి మళ్లీ రోడ్డెక్కిస్తారు. మీరు చూసింది ఒకే ఓనరుది కాబట్టి వేలం దాకా వెళ్లకపోయి ఉండొచ్చు. మునిగి ఉంటే వాళ్లే బాగుచేయించుకుని ఉంటారు. ఆయన నిజమే చెబుతుండొచ్చు కూడా. అందుకని ఎదుటి మనిషిని నిలదీయకండి, బండిని అడగండి.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా అక్కడుండేలా బయల్దేరండి. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందురోజు రాత్రే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు స్టార్ట్ చేశారో అడగండి. సెల్ఫ్ తీసుకోవడంలో ఇబ్బంది ఉన్న బండి, పొగ వదిలే బండి అయితే గిరాకీ వచ్చే ముందు ఓసారి వేడి చేసి పెట్టడం అమ్మేవాళ్లకి అలవాటు.

అందరూ ముందు బానెట్ తీస్తారు. మీరు డిక్కీతో మొదలుపెట్టండి. పైన పరిచిన చాపని, అట్టని తీసి స్టెప్నీ బయటికి దించేయండి. అది కూర్చునే గుంట డిక్కీ మొత్తంలో పల్లమైన చోటు, అక్కడ తుడవడం అందరూ మరిచిపోతారు. గుంట అడుగున బురద మరక, ఇసుక, జాకీ మీద, వీల్ పానా మీద తుప్పు ఉంటే గుర్తుపెట్టుకోండి. స్టెప్నీ బిగించే బోల్టు కూడా చూడండి. బండి పైనంతా మెరుస్తూ ఈ బోల్టు మాత్రం ఎర్రగా తుప్పు పట్టి ఉందంటే నేనైతే అక్కడే సగం ఆశ వదిలేసుకుంటాను.

తర్వాత ముందు సీటు బెల్టు. దాన్ని చుట్టుకునే చక్రం తలుపుల మధ్య స్తంభంలో బాగా కింద, నేలకి దగ్గరగా ఉంటుంది. బెల్టుని ఇక రానంతవరకు మెల్లగా లాగండి. మామూలుగా బయటికి వచ్చే భాగాన్ని ఎవరైనా ఉతికి పెడతారు. ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే చివరి అడుగు ముక్క మీద గోధుమరంగు గీతలుంటే, ముట్టుకుంటే గరుకుగా మట్టి తగిలితే, ఇక వేరే రుజువు అక్కర్లేదు. నాలుగు బెల్టులూ ఇలాగే చూడండి. రెండు మాత్రమే కొత్తగా మెరుస్తుంటే అదీ ప్రశ్నే.

సెల్‌ఫోన్ లైటు వేసుకుని సీట్ల కింద పట్టాలు, బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద స్క్రూలు, పెడళ్ల పైన కనబడే ఇనుప ముక్కలు చూడండి. మామూలుగా ఇవి తడిసే చోట్లు కావు. గుమ్మం దగ్గర కార్పెట్ అంచు కాస్త లేపి, కింద ఉండే దూది లాంటి పొరని తెల్ల రుమాలుతో గట్టిగా అద్దండి. రుమాలు మట్టిరంగు తేలితే అర్థమైపోతుంది. హెడ్‌లైటు, వెనక లైటు లోపల ఎండిన నీటి గీత ఉందేమో చూడండి. ఫ్యూజు బాక్సు మూత తీసి ఒకటి రెండు ఫ్యూజులు లాగి కాళ్ల మీద పచ్చదనం ఉందేమో చూడండి (తాళం తీసేసి, ఎక్కడివక్కడే పెట్టాలి సుమా). కార్పెట్ మొత్తం కొత్తదైతే? 2018 బండికి కొత్త కార్పెట్ ఎందుకు వేయాల్సి వచ్చిందో వాళ్లనే చెప్పమనండి.

స్విచ్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి, లోపం కనబడకుండా ఆ దీపాన్నే పీకేసి ఉండొచ్చు.

ఇక కాగితాలు. ఇక్కడ మీకు రెండు దారులున్నాయి, రెండూ నాకు భలే ఇష్టం. మొదటిది ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. క్లెయిమ్ చేయకుండా ఏళ్లు గడిచేకొద్దీ ఇది వరసగా 20, 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. ఒక్కసారి క్లెయిమ్ చేస్తే తర్వాతి ఏడాది సున్నా. 2018లో కొని ఒక్క క్లెయిమూ చేయని మనిషికి ఇప్పటికి 50 ఉండాలి. వరద తర్వాత చేయించిన మొదటి పాలసీ అడిగి తీసుకోండి. అంతకుముందు ఏడాది 50 ఉండి, అందులో సున్నా అయ్యిందంటే మధ్యలో పెద్దదేదో జరిగింది. ఏమైందో ఓనర్ని అడగండి. బంపర్ పగిలిందంటే బిల్లు చూపించమనండి. బోనస్ 50 ఉన్నంత మాత్రాన మునగలేదని కాదు. సొంత డబ్బుతో బాగుచేయించుకుని ఉండొచ్చు, బోనస్ పోకుండా అదనపు కవర్ తీసుకుని ఉండొచ్చు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అందులో ఈ బోనసే ఉండదు.

రెండోది ఫాస్టాగ్. వరదప్పుడు బండి హైదరాబాద్‌లో ఉందన్నారు కదా. విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద వెళ్లాలంటే కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్లు దాటాలి. 2024 ఆగస్టు, సెప్టెంబర్ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి చూపించమని మర్యాదగానే అడగండి. వరదకి ముందు అటు వెళ్లినట్టు, తర్వాత తిరిగొచ్చినట్టు ఆ గేట్ల పేర్లు కనబడితే ఆయన మాట నిజమే, మీ మనసూ తేలికపడుతుంది. నిజం చెప్పే మనిషి దీనికి నొచ్చుకోడు. వీటితోపాటు కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు ఆయన ఫోన్ నుంచే తీయించండి. ప్రతి సర్వీసుకీ తేదీ, ఆ రోజు మీటర్ రీడింగ్ ఉంటాయి. రీడింగ్ ఎక్కడైనా వెనక్కి వెళ్లిందా, 2024 సెప్టెంబర్ తర్వాత వైరింగ్, సీట్లు, స్టార్టర్ మోటార్ లాంటివి మార్చిన పెద్ద బిల్లు ఉందా అన్నది దాంట్లోనే తేలిపోతుంది.

మీటర్ తిప్పడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు, లాప్‌టాప్ ఉంటే చాలు. అందుకని మీటర్ని ఒక్కదాన్నే నమ్మకండి. 41 వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నబడకూడదు. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్ల తేదీలూ స్టెప్నీ తేదీతో పోల్చండి. టైర్లు ఒకసారి మార్చినా 41 వేలంటే నమ్మొచ్చు, రెండోసారి మార్చి ఉంటే ఆ లెక్క కుదరదు.

యాక్సిడెంట్ సంగతి త్వరగా చెప్పేస్తాను, మీ బండికి అది రెండో అనుమానం కాబట్టి. బానెట్, ఫెండర్, తలుపుల బోల్టుల తలల మీద రంగు గీకిపోయి ఉంటే పానా పడ్డట్టే. అద్దాలన్నిటి మీదా ఒకే కంపెనీ ముద్ర ఉండాలి. ఒక్కటే వేరేదైతే ఆ వైపు టింకరింగ్ జరిగిందేమో చూడండి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల మీద, ఫెండర్ల మీద ఆనించండి. లోపల పుట్టీ దట్టంగా ఉన్నచోట పట్టుకోదు. బంపర్లు ప్లాస్టిక్‌వి, వాటి మీద పట్టుకోలేదని కంగారు పడకండి. గీత పడిందని ఒక తలుపుకి రంగు వేయించడం పెద్ద తప్పేం కాదు. తలుపుల మధ్య స్తంభాలు, ఇంజిన్ పక్కన ఉండే ఏప్రాన్లు, అంటే బండి ఎముకలు, అతికించి ఉంటే మాత్రం వదిలేయండి.

స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయని. మీరు సైలెన్సర్ దగ్గర నిలబడి, తోడల్లుడిగారిని స్టార్ట్ చేయమనండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, దట్టమైన తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది, నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ మండుతోంది. చలికాలం పొద్దున కాసేపు పల్చటి ఆవిరి రావడం మామూలే. తర్వాత మీరే నడపండి. పాటలు ఆపేయండి, అమ్మేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో పాటలు పెట్టేది ఊరికే కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఖాళీ స్థలంలో రెండు చుట్లు కొడితే ముందు చక్రాల దగ్గర టకటకమని రాకూడదు. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు కింద నుంచి డొల్ల శబ్దం రాకూడదు. ఏసీ, నాలుగు కిటికీలు, వైపర్లు, వెనక అద్దం, రివర్స్ లైటు ఒక్కొక్కటి వేసి చూడండి. మునిగిన బండి ఎక్కువగా దొరికిపోయేది ఈ చిన్న స్విచ్చుల దగ్గరే.

ఇంత చూశాక అంతా బాగుందనిపిస్తే జవహర్ ఆటోనగర్‌కి తీసుకెళ్లండి, ఎలాగూ అదే ఊరు కదా. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు, ఆయనకి మీరెవరో తెలియదు, వాళ్లు రోజూ కావాలి. మీరు వెతుక్కున్న మనిషికి వెయ్యో రెండు వేలో ఇచ్చి బండిని లిఫ్టు మీద లేపించి కింద చూడమనండి. బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల్ని చదివే ఓబీడీ స్కానర్ పెట్టించండి. తప్పు కోడ్‌లు ఏమీ లేవంటే అక్కడితో ఆగొద్దు, రెడీనెస్ కూడా, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అన్నది, చూడమనండి. ముందురోజు ఎవరైనా కోడ్‌లు చెరిపేసి ఉంటే ఆ పరీక్షలు పూర్తి కానట్టు కనబడుతుంది. లిఫ్టు ఎక్కించడానికి ఓనరు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేసి బస్సెక్కేయండి.

కొనేటట్టయితే రవాణా శాఖ పోర్టల్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ వివరాలు, ఫైనాన్స్ పేరు, చలాన్లు చూడండి. లోన్ మీద కొన్న బండి అయితే లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే కాగితం, ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 ఉండాలి. బండి మీ పేరుకి మారడానికి అమ్మేవారి సంతకంతో ఫారం 29, ఇద్దరి సంతకాలతో ఫారం 30 రాసుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని “తర్వాత చూద్దాంలే” అనే కన్సల్టెన్సీ వాళ్ల పద్ధతి మాత్రం వద్దు. కొన్న 30 రోజుల్లోపు మీరు ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకోవాలి, 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చుకోవాలి. ఆ మార్పు జరగకపోతే మీ కారుకి దెబ్బ తగిలినప్పుడు పైసా రాదు. పాత ఓనరు బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టమంటారు. అది ముందే లెక్కలో వేసుకోండి. అమ్మే ఆయనకి కూడా ఇదే నయమని చెప్పండి. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక మీ బావమరిది సంగతి. ఆయన ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను, మేమూ అలాగే నేర్చుకున్నాం. మా షెడ్డుకి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి నేను పెట్టిన లెక్క ఒకటే. తప్పు చేస్తే బండి కదలకుండా ఉండిపోయే పని ధైర్యంగా చేయండి. తప్పు చేస్తే బండి ఆగకుండా పోయే పని, బండి మీద పడే పని నేను పక్కన లేకుండా ముట్టుకోవద్దు. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫ్యూజులు, బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయడం, కూలెంట్ చూసుకోవడం, స్టెప్నీ మార్చడం, ఇవన్నీ ఇంట్లో చేసుకోండి. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ స్ప్రింగులు, ఏసీ గ్యాసు, ఎయిర్‌బ్యాగ్ వైపు వెళ్లొద్దు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల కనెక్టర్లు మామూలుగా పసుపు రంగులో ఉంటాయి. హారన్ మోగడం లేదని స్టీరింగ్ మధ్య మూత విప్పడానికి మీ బావమరిది చెయ్యి పెడితే వెనక్కి లాగేయండి.

బ్రేక్ ప్యాడ్లు వీడియోలో పది నిమిషాల పనిలాగే కనబడతాయి. కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ని లోపలికి నెట్టాల్సి వస్తుంది. బిగించాక, బండి కదిలించే ముందే, పెడల్‌ని గట్టిబడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుడికి పెడల్ నేలకి దిగిపోతుంది, బ్రేకు పడదు. ఇంట్లోంచి రివర్స్ తీస్తూ గేటు కూల్చేసినవాళ్లు ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చారు. గేటు కాబట్టి సరిపోయింది.

ఆయిల్ మార్పుకి బండి కింద దూరాలి, అదే నాకు భయం. కంపెనీ ఇచ్చే జాకీ చక్రం మార్చడానికే, కింద పడుకోవడానికి కాదు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు, పని నేర్చుకుంటున్న రోజుల్లో, అంబాసిడర్ ముందు చక్రం తీసి జాకీ మీద పెట్టి కింద దూరాను. ముందురోజు వాన పడింది, నేల మెత్తగా ఉంది, నేను చూసుకోలేదు. తీసిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టమని మా మేస్త్రి రోజూ పోరేవాడు, ఆ పూట ఆయనే కాలితో దాన్ని లోపలికి తోశాడు. జాకీ అడుగు మట్టిలోకి దిగి ఒరిగింది. బండి వచ్చి ఆ చక్రం మీద కూర్చుంది. నా భుజానికీ దానికీ జానెడు ఖాళీ. మేస్త్రి ఏమీ తిట్టలేదు, నన్ను బయటికి లాగి టీ తెప్పించాడు. ఆ రోజు నుంచి స్టాండు లేకుండా ఏ బండి కిందికీ నేను వెళ్లలేదు.

కాబట్టి స్టెప్నీ మార్చేటప్పుడు కూడా చదునైన గట్టి నేల చూసుకోండి, హ్యాండ్ బ్రేక్ వేసి గేరులో ఉంచండి, ఎదురుమూల చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. బండిని లేపకముందే నట్లు కాస్త వదులు చేసుకోండి. మట్టి నేల తప్పదంటే జాకీ కింద చెక్క వేయండి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, కొంతదూరం వెళ్లాక ఓసారి సరిచూసుకోవాలి. ఆయిల్ మార్పు షెడ్డుకే ఇవ్వండి. మీకు మిగిలేది కొన్ని వందలు. ఆ పాత ఆయిల్ ఎక్కడ పోస్తారు చెప్పండి, ఇంటి వెనక పంట కాలువలోనా?

బ్యాటరీ పని పెట్టుకుంటే ఉంగరం, వాచీ తీసేయండి. ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలిందంటే నిప్పులు రాలతాయి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కి ఆ నిప్పు చాలు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడి నీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి, కళ్లకి అద్దాలుంటే మంచిది. పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ ఫ్యూజు వేయాలి. రాగి తీగ చుట్టి పెడితే ఆ పూటకి పనిచేస్తుంది, తర్వాత మండేది వైరింగే.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎవరు చెప్పినా తిప్పకండి. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులవగానే ఒక్కసారిగా మొహం మీదికి చిమ్ముతుంది. చల్లారాక చూసుకోవచ్చు, మామూలు రోజుల్లో పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో గీత చూస్తే చాలు. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, కాబట్టి మెడలో తువ్వాలు వేసుకుని బానెట్ కిందికి వంగకండి. షట్టర్ దించిన గదిలో ఇంజిన్ ఆన్ చేసి పని చేయకండి, సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

ఆదివారానికి మళ్లీ వస్తే, సెల్‌ఫోన్ ఛార్జింగ్, తెల్ల రుమాలు, అయస్కాంతం, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి తీసుకెళ్లండి. మీ ఆవిడని తప్పకుండా తీసుకెళ్లండి. మీరు డిక్కీ తీసేలోపు ఆ రెండు సెంటు సీసాలూ బయట పెట్టించి, కిటికీలన్నీ మూసి బండిని ఎండలో పావుగంట ఉంచండి. తర్వాత తలుపు ముందు ఆవిడనే తీయమనండి, అప్పుడు ఏం వాసన వచ్చిందో ఆవిడ చెప్పేదాకా మీరు ధర మాట ఎత్తకండి.